ఆరవ్ నుంచి ఆర్జవ్ దాకా: మా వాడికి పేరు వెతికిన కథ

"ఆరవ్" అన్న పేరు మా ఇంట్లో సరిగ్గా పదకొండు రోజులు బతికింది.

ఐదో నెలలో నేనూ మా ఆయనా ఒక ఒప్పందానికి వచ్చాం. పాప పుడితే పేరు ఆయన చూడాలి, బాబు పుడితే నేను చూడాలి. ఒకరు తెచ్చిన పేరుకు ఇంకొకరు ఒక్కసారి మాత్రమే అడ్డు చెప్పొచ్చు. ఆయన తన వంతు పని రెండు రోజుల్లో ముగించేసి కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నాకు నాలుగు నెలలు పట్టింది. నేను కోరుకున్నది పెద్దదేం కాదు, క్లాసులో టీచరు పిలిస్తే నలుగురు ఒకేసారి లేచి నిలబడని పేరు. నా చిన్నప్పుడు మా క్లాసులో నా పేరువాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. బడి అయ్యేదాకా నన్ను ఇంటిపేరు మొదటి అక్షరం తగిలించే పిలిచారు. ఆ కసి లోపల ఎక్కడో మిగిలిపోయినట్టుంది.

ఫోన్‌లో అబ్బాయిల అరుదైన పేర్లు, అర్థాలు అని కొడితే జాబితాలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిలో పైనుంచి మూడోదో నాలుగోదో ఆరవ్. అర్థం, శాంతమైనవాడు. నోరు తిరుగుతుంది, చెవికి బాగుంటుంది, అర్థమూ బాగుంది. ఇంకేం కావాలి అనుకుని ఆ సాయంత్రమే ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించి, "ఆరవవాడా? మరి ముందు ఐదుగురూ ఏరమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త తక్కువగా.

"ఆరవ కాదత్తయ్యా, ఆరవ్. సంస్కృతం. శాంతం అని అర్థం" అన్నాను.

మావయ్య పేపర్లోంచి తల ఎత్తకుండానే "కలరవంలో ఉండే రవమేనా?" అని అడిగారు.

"కాదనుకుంటా మావయ్యా."

అదే. కలరవంలో ఉండే రవమే. పదకొండో రోజు రాత్రి నిద్రపట్టక మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు తెరిచాను. 1899లో అచ్చయిన ఆ పెద్ద పుస్తకాన్ని ఇప్పుడు ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు. ఆరవ అంటే అరుపు, కేక, ఏడుపు, చప్పుడు. శాంతం ఆ దరిదాపుల్లో కూడా లేదు. రవం అంటే ధ్వని అని తెలుగు చదువుకున్న ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ జాబితాలో అర్థం రాసి ఉంటే మన బుర్ర పనిచేయడం మానేస్తుంది. పొద్దున్నే మావయ్యను నిలదీశాను, తెలిసీ ఎందుకు చెప్పలేదని. "నువ్వే చూసుకుంటావని ఆగానమ్మా" అన్నారు. పదకొండు రోజులు ఆగారు!

ఆ రోజు ఒక నోటుబుక్కు తీసి నాలుగు గడులు గీశాను. పేరు, ఏ భాష, జాబితా చెప్పిన అర్థం, నిఘంటువు చెప్పిన అర్థం. నాలుగో గడి నిండని పేరును ఇంట్లో పైకి అనకూడదని నాకు నేనే రూలు పెట్టుకున్నాను. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఎంత దూరం ఉంటుందో రాస్తున్నకొద్దీ అర్థమైంది.

రేయాంశ్ అన్న పేరు ఈమధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఒక జాబితాలో సూర్యకిరణం అని, ఇంకోదానిలో విష్ణువు అంశ అని ఉంది. వెనకున్న అంశ మనకు తెలిసిందే. ముందున్న ముక్కకు ఆ రెండు అర్థాల్లో ఏదీ నిఘంటువులో దొరకలేదు. తెలుగు చెవితో వింటే మాత్రం రేయి వినిపిస్తుంది. సూర్యకిరణం అనుకుని పెడితే రాత్రి ముక్క అయి కూర్చుంటుందన్నమాట. వివాన్ అంటే జీవంతో నిండినవాడు అని రాశారు. వెతికితే ఆ మాట లేదు, దగ్గర్లో ఉన్నది వివస్వాన్, అంటే సూర్యుడు. అద్విక్ అంటే సాటిలేనివాడట. సంస్కృతంలో అద్వితీయ ఉంది, అద్వయ ఉంది, అద్విక్ మాత్రం నాకు కనబడలేదు. కియాన్‌కు దేవుని దయ అని రాసేశారు. ఫార్సీలో కియాన్ అంటే రాజులు, కయానీ వంశపు పాత రాజుల పేరు అది. ఐరిష్ భాషలో అలాగే వినిపించే ఇంకో పేరుంది, దానికి ప్రాచీనమైన అని అర్థం. రెండింటికీ చుట్టరికం లేదు, దయకూ రెండింటితోనూ సంబంధం లేదు. నీల్ సంగతి కూడా కొంచెం ఇలాంటిదే. మన నీల్ నల్లని నీలం నుంచి వచ్చాడు, చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఐర్లండ్ మూలాల నుంచి వచ్చాడు.

కొత్తగా కల్పించిన పేరు పెట్టడం తప్పని నేను అనను. ఏ పేరైనా ఎవరో ఒకరు ఒకరోజు మొదటిసారి పెట్టిందే. ఇంగ్లీషువాళ్ల సెడ్రిక్ వాల్టర్ స్కాట్ 1819లో తన ఐవాన్‌హో నవల కోసం తయారుచేసిన పేరు. పాత సాక్సన్ రాజు సెర్డిక్ పేరులో అక్షరాలు అటూ ఇటూ అయి అలా వచ్చిందంటారు. ఆ తర్వాత ఎంతమంది నిజం పిల్లలు ఆ పేరుతో పెరిగి పెద్దవాళ్లయ్యారో. నా గొడవ కల్పించడంతో కాదు, కల్పించిన దాని మీద సంస్కృతం అని ముద్ర కొట్టడంతో. "మాకు వినడానికి బాగుందనిపించి పెట్టుకున్నాం" అంటే ఎవరు కాదంటారు?

జాబితాలు మూసేసి భారతం తెరిచాను. అరుదైన పేర్లకు అంతకు మించిన గని ఉండదనుకున్నాను. గనే, కాకపోతే నేను ఊహించిన సరుకు కాదు. పాతవాళ్లు పేరు పెట్టేటప్పుడు అందం చూసినట్టు లేదు, ఏం జరిగిందో చూసి పెట్టేశారు. ద్రోణుడి కొడుకు పుట్టగానే గుర్రంలా సకిలించాడు, అందుకని అశ్వత్థామ. ఆ ద్రోణుడు పుట్టింది ద్రోణంలో, అంటే ఒక పాత్రలో. జరాసంధుడు రెండు ముక్కలుగా పుడితే జర అనే రాక్షసి అతికించింది. ఘటోత్కచుడి తల కుండలా ఉండి దాని మీద వెంట్రుక లేదు. ఘటం అంటే కుండ, ఉత్కచ అంటే జుట్టు లేని. అంత భీకరమైన పేరు వెనక ఉన్నది ఒక బోడిగుండు! మా ఆయన ఇది విని చాలా సంతోషించారు. "చాలామంది పిల్లలు అలాగే పుడతారు కదా, మనవాడికీ సరిపోతుంది" అన్నారు.

ఐతరేయ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో అజీగర్తుడని ఒకాయన ఉన్నాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లకీ అర్థం ఇంచుమించు కుక్కతోకే. క్లాసులో ఒకే పేరువాళ్లం ముగ్గురం ఉన్నామని నేను బాధపడ్డానా, అక్కడ ఒకే ఇంట్లో మూడు కుక్కతోకలు. నడిపివాణ్ణి తండ్రి బలికి అమ్మేసిన కథ అది, నవ్వకూడదు. కానీ అర్ధరాత్రి ఒక్కదాన్నే చదువుతూ నవ్వాను.

ఆ గనిలో నాకు నిజంగా నచ్చింది ఆరుణి. ధౌమ్యుడనే గురువు దగ్గర చదువుకునే కుర్రాడు. పొలం గట్టు తెగింది, వెళ్లి కట్టమని గురువు పంపించాడు. ఎంత ప్రయత్నించినా గండి పూడలేదు. చివరికి తనే ఆ గండికి అడ్డంగా పడుకున్నాడు, నీళ్లు ఆగాయి. సాయంత్రమైనా పిల్లవాడు రాలేదని గురువు వెతుక్కుంటూ వచ్చి పిలిస్తే గట్టును చీల్చుకుని లేచి వచ్చాడు. అలా లేచాడు కాబట్టి ఉద్దాలకుడన్న పేరు కూడా వచ్చింది. తర్వాత శ్వేతకేతుకు తత్వమసి అని చెప్పిన తండ్రి ఈ ఉద్దాలకుడే. చిన్నప్పుడు గండికి అడ్డం పడుకున్నవాడు పెద్దయ్యాక కొడుక్కి అంత పెద్ద మాట చెప్పాడంటే నాకు ఒళ్లు పులకరించింది. మూడు వారాల పాటు నా నోటుబుక్కులో మొదటి వరస ఆరుణిదే.

మా చెల్లి వినగానే "అక్కా, అమ్మాయి పేరులా ఉందే" అంది. ఇకారంతో ముగిస్తే ఆడపిల్ల పేరనుకోవడం ఇప్పటి చెవుల అలవాటు. మారుతి, వాల్మీకి, సాత్యకి అందరూ మగవాళ్లే అని వాదించాను. వాదించే ఊపులో నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. దాశరథి అంటే దశరథుడి కొడుకు, సాత్యకి అంటే సత్యకుడి కొడుకు. అలాగే ఆరుణి అంటే అరుణుడి కొడుకు. మా ఆయన పేరు అరుణ్ కాదు. "నన్ను పేరు మార్చుకోమంటావా?" అన్నారాయన. ఆయన అడ్డు చెప్పే హక్కు ఖర్చుపెట్టాల్సిన అవసరం లేకుండానే ఆరుణి వెళ్లిపోయాడు.

ఏడో నెలలో డాక్టరు గారు మంచం దిగొద్దన్నారు. టైమే టైము. అప్పుడు వేరే భాషల్లోకి వెళ్లాను. పరాయి పేరు పెట్టాలని కాదు, ఎవరు ఏమని పిలుచుకుంటారో చూద్దామని. ఈ మొత్తం వెతుకులాటలో నాకు బాగా గుర్తుండిపోయిన రోజులు అవే.

దేవుడు ఇచ్చినవాడు అన్న పేరు లేని భాష లేదేమో అనిపించింది. మనకు దేవదత్త. గ్రీకులో థియోడోర్, హీబ్రూలో నథానియేల్, రష్యా వైపు బోగ్దాన్, ఫార్సీలో ఖుదాదాద్, ఫ్రెంచిలో ద్యూదొన్నె. పిల్లవాణ్ణి మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎవరికైనా అదే అనిపించి ఉంటుంది. దేవదత్త పెట్టేద్దామని ఆవేశపడ్డాను. మావయ్య అప్పుడు పేపరు కాస్త దించారు. "ఆ పేరు పాఠాల్లో నలిగిపోయిందమ్మా" అన్నారు. తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది, లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడు, కాబట్టి రాత్రి తింటున్నట్టే. వ్యాకరణంలో వెళ్లేదీ వచ్చేదీ దేవదత్తుడే. బుద్ధుడి ప్రాణం తీయాలని చూసిన దాయాది కూడా దేవదత్తుడే. సరే, కొట్టేశాను.

లియాండర్ అన్న పేరు విప్పి చూసినప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాను. గ్రీకులో లియోన్ అంటే సింహం, వెనకున్న ముక్కకు అర్థం మనిషి. 1996 ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ పతకం గెలిచినప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఎగిరారు. ఆ పేరులో నరసింహుడున్నాడని మాలో ఎవరికీ తెలియదు. ఫిలిప్ అంటే గుర్రాలంటే ఇష్టమున్నవాడు. ఆంబ్రోస్ అంటే చావులేనివాడు, మన అమృతమూ అదీ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. వెల్ష్ భాషలోకి వెళ్లి అదే పేరు ఎమ్రిస్ అయింది. అమృత్, ఆంబ్రోస్, ఎమ్రిస్ ఒకే బల్ల మీద కూర్చుంటే అన్నదమ్ములని ఎవరైనా పోల్చుకుంటారా?

ఘనా దేశపు అకాన్‌లది ఇంకా సులువైన పద్ధతి. పుట్టిన వారమే పేరు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారమైతే క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టారు. క్యాలెండరు వెనక్కి తిప్పి చూశాను, శుక్రవారమే. ఐస్‌లాండ్‌లో అయితే కొత్త పేరు పెట్టాలంటే ఒక కమిటీ ఒప్పుకోవాలి, ఆ పేరు వాళ్ల భాష విభక్తులకు ఒదగాలి. అలాంటి కమిటీ మాకూ ఉంటే నేను ఇంత అవస్థపడేదాన్ని కాదనిపించింది ఒక్కోసారి. 2020లో ఇలాన్ మస్క్ కొడుకు పేరులో అంకెలు పెడితే, కాలిఫోర్నియాలో ఇంగ్లీషు అక్షరాలు తప్ప అంకెలు కుదరవు కాబట్టి వాటిని రోమన్ అక్షరాల్లోకి మార్చాల్సి వచ్చింది. అరుదైన పేరంటే అది, నాదేం పేరు.

ఇక శ్రవస్. దీని దగ్గర మనసు పూర్తిగా పారేసుకున్నాను. శ్రవస్ అంటే కీర్తి. వినడం నుంచి వచ్చిన మాట, నలుగురి నోటా వినబడేది. గ్రీకులో దానికి తోబుట్టువు క్లెయోస్. హెరాక్లిస్, పెరిక్లిస్, సోఫోక్లిస్ చివర ఉన్నది అదే. తరిగిపోని కీర్తి అన్న మాట ఋగ్వేదంలోనూ హోమర్ కావ్యంలోనూ పుట్టుక ఒకటే అయిన రెండు పదాలతో ఉందని పండితులు ఎప్పుడో పట్టుకున్నారు. సుశ్రవస్ అంటే మంచి కీర్తి గలవాడు. అదే పేరు ఇరాన్ వైపు మారుతూ మారుతూ ఖుస్రో అయింది. అమీర్ ఖుస్రోలో ఉన్నది మన సుశ్రవుడే! రావణుడి తండ్రి విశ్రవసుడిలోనూ ఇదే. ఇంత చరిత్ర ఉండి, ఇంత చిన్నగా ఉండి, ఎవరూ పెట్టుకోని పేరు. దొరికేసిందని నోటుబుక్కు మూసేశాను.

మా ఆయన "పిలిచి చూద్దాం" అన్నారు. ఆయన పెట్టిన పరీక్ష అది. పక్క గదిలోంచి పిలవాలి, కోపంగా పిలవాలి, ముద్దుగా పిలవాలి, ఫోన్‌లో కొత్తవాళ్లకు చెప్పాలి. మా చెల్లికి ఫోన్ చేసి, పేరు చెప్పి, తిరిగి అనమన్నాం. "స్రవస్" అంది. ఇంకో ఇద్దరికి చేశాం. వాళ్లూ స్రవస్సే. శకారం పలికేవాళ్లు మాలో ఎంతమంది ఉన్నారని? అంతవరకు బాధ లేదు, కానీ స్రవ అంటే కారడం. స్రవించడం, రక్తస్రావం ఆ మాటవే. అత్తయ్య జాలిగా చూసి "పాపం, జలుబు చేసినప్పుడల్లా పేరు సార్థకమవుతుంది" అన్నారు. ఆ రాత్రి నాకు కళ్లు స్రవించాయి. హార్మోన్లు అనుకోండి.

ఆ దెబ్బతో నేను కూడా పేర్లను పైకి అనడం, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడడం మొదలుపెట్టాను. ముందే చేయాల్సింది. అనల అంటే అగ్ని, ఎంత చక్కని మాట. చివరి అచ్చు తీసేసి ఇంగ్లీషులో రాసి చూడండి, ఎందుకు కొట్టేశానో మీకే తెలుస్తుంది.

ఎనిమిదో నెల చివర్లో ఒక మధ్యాహ్నం, వదల్లేక మళ్లీ ఆరుణి దగ్గరికి వెళ్లాను. నిఘంటువులో ఆ మాట చుట్టూ ఏముందో చూస్తూ వేలితో పైకి జరుపుతున్నాను. వెనక ఎక్కడో నా పాత శత్రువు ఆరవ. ముందుకు జరిగితే కొంత దూరంలో ఆర్జవ. నిటారుగా ఉండడం, వంకర లేకపోవడం, మనసులో ఉన్నదే మాటలో ఉండడం. గీతలో 13వ అధ్యాయంలోనూ 16వ అధ్యాయంలోనూ మంచి గుణాల వరసలో వస్తుంది. చిన్నప్పుడు శ్లోకాలు అప్పజెప్పేటప్పుడు ఎన్నిసార్లు అని ఉంటానో, ఒక్కసారీ ఆగి వినలేదు. ఆర్జవ్ అని పైకి అన్నాను. గదిలో ఎవరూ లేరు. మళ్లీ అన్నాను.

మాట పుట్టుక ఇంకా నచ్చింది. గురు నుంచి గౌరవం వచ్చింది. లఘు నుంచి లాఘవం, మృదు నుంచి మార్దవం, పటు నుంచి పాటవం. అదే అచ్చులో ఋజు నుంచి ఆర్జవం. ఋజుమార్గం, ఋజువర్తన అని మనం అనే ఋజువే, తిన్నగా ఉన్నది. ఇంగ్లీషు రైట్ కూడా బహు దూరపు చుట్టమే. నోటుబుక్కులో మూడో గడి రాయడానికి జాబితాల కోసం వెతికాను. ఒకదానిలో ఉంది. అర్థం నిజాయితీ అని రాశారు. మొదటిసారి మూడో గడీ నాలుగో గడీ కలిశాయి.

ఇంట్లో చెప్పేముందు ఈసారి రెండు రోజులు ఆగాను. మావయ్య వినగానే "అది గుణం పేరమ్మా, మనిషి పేరు కాదు. నపుంసకలింగం" అన్నారు.

"గౌరవం కూడా నపుంసకలింగమే కదా మావయ్యా. గౌరవ్ అని ఎంతమంది లేరు?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. పెళ్లయ్యాక ఆ దృశ్యం నేను చూడడం అదే మొదలు. "లాఘవం, మార్దవం" అని తనలో తను ఒకసారి వరస చెప్పుకుని, "బాగుంది" అన్నారు.

అత్తయ్య అనుమానం వేరు. "ఆర్జన లాంటిదా? బాగా సంపాదిస్తాడనా?" ఆర్జనకూ దీనికీ సంబంధం లేదు. చెబుదామని నోరు తెరిచాను కానీ, ఆవిడ ముఖంలో సంతోషం చూసి "అలాంటిదే అత్తయ్యా" అన్నాను. కొడుక్కి ఋజువర్తన అని పేరు పెడుతూ మొదటి రోజే అబద్ధం ఆడాను.

మా ఆయన మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. కాగితం మీద ఇంగ్లీషులో రాశారు, కింద తెలుగులో రాశారు, పిలుపు పరీక్షలన్నీ చేశారు. "అందరూ అర్జున్ అనుకుంటారు" అన్నారు. అనుకోనీ అన్నాను. అర్జున అంటే తెలుపు, మెరుపు. వెండికి లాటిన్ పేరు అర్జెంటమ్ కూడా దానికి చుట్టమే. పొరబాటున పిలిచినా నష్టమేం లేదని వాదించాను. ఆయన హక్కు వాడుకోలేదు. ఇప్పటికీ వాడుకోలేదు, రెండోవాడికి దాచుకున్నానంటారు.

పుట్టింది బాబే. తల మీద ఒక్క వెంట్రుక లేదు. మా ఆయన వాణ్ణి చూసి అన్న మొదటి మాట "ఘటోత్కచా". ఆ రాత్రంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి భుజం మీద వేసుకుని తిప్పుతూ "ఆరవ్ అని పెట్టినా తప్పయ్యేది కాదు, నిఘంటువు ప్రకారం అచ్చంగా సరిపోయింది" అన్నారు. నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వించొద్దని బతిమాలాను.

అరుదైన పేరు పెట్టుకున్నందుకు కట్టాల్సిన బాకీ ఏమిటో జనన ధ్రువపత్రం దగ్గర మొదటిసారి తెలిసింది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం. అచ్చయి వచ్చిన దానిలో అర్జున్ అని ఉంది. టైపు చేసినాయన మేమే తప్పు రాశామనుకుని సాయం చేశాడట. దాన్ని సరిచేయించడానికి రెండుసార్లు తిరిగాం. మీ పేరు కూడా ఇలాంటిదైతే అచ్చు వేయకముందే తెర మీద ఒకసారి చూపించమని అడగండి, అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒకటా రెండా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మేం ఒకటి చాలనుకున్నాం. దాంతో చదివినవాళ్లలో సగం మంది హ్రస్వం చేసి అర్జవ్ అంటారు. దానికి నేనింకా అలవాటు పడలేదు.

టీకాల పుస్తకంలో వాడు ఆరవ్. పక్కింటివాళ్లకు అర్జున్. ఒక పుట్టినరోజు గ్రీటింగ్ కార్డు మీద ఆర్జీవ్. కొత్తవాళ్లెవరైనా అర్థం అడిగితే గౌరవ్, లాఘవ్, మార్దవ్ అంటూ మొదలుపెడతాను. రెండో మాటకే మా ఆయన అక్కణ్ణించి లేచి వెళ్లిపోతారు.

రెండేళ్లు నిండే ముందు వాడు మొదటిసారి తన పేరు తను అన్నాడు. రకారం ఇంకా నోట్లో తిరగదు. "అజ్జవ్" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ రాత్రి నాకెందుకో అనుమానం వచ్చి పాళీ నిఘంటువు తెరిచాను. బౌద్ధులు రాజుకు ఉండాల్సిన పది గుణాలు చెబుతారు, దానం, శీలం అలా. అందులో ఆర్జవం ఉంది, దాని పక్కనే మార్దవం ఉంది. పాళీలో ఆ రెండు మాటలూ అజ్జవం, మద్దవం. రకారం పలకక, దాని వెనకున్న హల్లును ఒత్తి, ముందున్న దీర్ఘాన్ని కుదించి వాడు చేసిన పనే పాళీ మాట్లాడిన జనమూ చేశారు.

పాత నోటుబుక్కు వెతికి తీసి, ఆర్జవ్ ఎదురుగా నాలుగో గడిలో అజ్జవ అని కూడా రాసుకున్నాను. వాడు నా ఒళ్లోకెక్కి, పెన్ను లాక్కుని, ఆ పేరు కింద ఒక గీత గీశాడు. వంకరగా.